మెకానికల్ ఎం.ఎస్.: జర్మనీయా, అమెరికాయా, మిర్యాలగూడేనా?

ఎడమ కాలువ (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నల్లగొండ దగ్గర జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో మెకానికల్ బీటెక్ చదువుతున్నాను. నాలుగో సంవత్సరం ఇప్పుడే మొదలైంది. ఆరు సెమిస్టర్లకు సీజీపీఏ 7.3. రెండు సబ్జెక్టులు మొదటిసారి తప్పి తర్వాత గట్టెక్కాను. మాది వేములపల్లి మండలం. సాగర్ ఎడమ కాలువ కింద మూడున్నర ఎకరాలు ఉంది. నాన్న మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ఫిట్టరు.

పోయిన వారం నాన్నా నేనూ హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాము. అక్కడాయన నా మార్కుల పత్రం తెరవకుండానే అమెరికాలో నాలుగు విశ్వవిద్యాలయాల పేర్లు రాసిచ్చారు. "మెకానికల్‌కు రోజులు లేవు, డేటా అనలిటిక్స్‌కు మారిపో, మొత్తం నలభై లక్షలు పెట్టుకుంటే చాలు" అన్నారు. తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటేదాకా నాన్న నోరు విప్పలేదు. చిట్యాల దగ్గర మాత్రం "ఎకరంన్నర అమ్మితే సరిపోతుందా?" అని అడిగారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నాకు మెకానికలే చదవాలని ఉంది. ఏ దేశం, ఎంత ఖర్చు, చదివాక పని దొరుకుతుందా? చదివినవారు, చదువుతున్నవారు చెప్పండి. భూమి అమ్మకుండా దారి ఉంటే ఇంకా మంచిది.

టెక్సాస్ నకిరేకల్ (ఆదివారం, రాత్రి 11:15)

తమ్ముడూ, నేను మెకానికల్‌లోనే ఎం.ఎస్. చేశాను, మెకానికల్‌లోనే పని చేస్తున్నాను. కాబట్టి రోజులు లేవన్న మాట అబద్ధం. కానీ ఆ నలభై లక్షల లెక్క అబద్ధం కాదు. మధ్యరకం ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కూడా రెండేళ్లకు ఫీజు, ఇంటి అద్దె, బీమా కలిపితే అటూ ఇటూగా అంతే తేలుతుంది.

నీకు కన్సల్టెన్సీలో చెప్పని విషయం ఒకటుంది. చదువు పూర్తయ్యాక విద్యార్థి వీసా మీదే పని చేయనిచ్చే ఓపీటీ కింద ఏడాది, సైన్సు, ఇంజనీరింగ్ చదివినవారికిచ్చే స్టెమ్ పొడిగింపుతో మరో ఇరవై నాలుగు నెలలు పని చేయవచ్చు. అయితే చేసే పని చదివిన చదువుకు సంబంధించి ఉండాలి. మెకానికల్ పట్టా చేతిలో పెట్టుకుని ఏదో సాఫ్ట్‌వేర్ పరీక్షల పనిలో చేరితే తర్వాత వీసా మార్పు సమయంలో ప్రశ్నలు వస్తాయి. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆ తొంభై రోజుల్లో ఒక్కో రోజు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. ఉదయం లేవగానే ముందు తేదీ చూసుకునేవాణ్ణి.

రెండోది మెకానికల్ వాళ్లకే తగిలే దెబ్బ. నాకు విమాన ఇంజన్లంటే పిచ్చి. థీసిస్ కూడా టర్బైన్ రెక్కల చల్లదనం మీద చేశాను. ఉద్యోగ ప్రకటనలు తెరిస్తే పదింటిలో ఎక్కువ వాటిలో "అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రమే" అనే వాక్యం ఉండేది. రక్షణ, అంతరిక్ష రంగాల సాంకేతిక సమాచారం విదేశీయుల చేతికి వెళ్లకూడదని ఐటార్ అనే నిబంధనలు ఉన్నాయి. ఆ వాక్యం ప్రకటన చివర, చిన్న అక్షరాల్లో ఉంటుంది. దరఖాస్తు నింపడానికి గంట పట్టేది, ఆ వాక్యం చదవడానికి రెండు సెకన్లు. తర్వాత తర్వాత ముందు చివరికి వెళ్లి చదవడం నేర్చుకున్నాను.

చివరికి భవనాల ఎయిర్ కండిషనింగ్ డిజైన్ వైపు వచ్చాను. ఇప్పుడు డేటా సెంటర్లను చల్లబరిచే వ్యవస్థల మీద పని. మన ఊళ్లో ఏసీ మెకానిక్ అని నవ్వుతారు, నవ్వనీ. ఉష్ణ బదిలీ సబ్జెక్టు రోజూ వాడుతున్నవాణ్ణి మా బ్యాచ్‌లో నేనొక్కణ్ణే.

శుభమస్తు కన్సల్ట్ (ఆదివారం, రాత్రి 11:32)

[ఈ వ్యాఖ్యను తొలగించాము. ఫోన్ నంబర్లు, "నూరు శాతం వీసా" ప్రకటనలు ఇక్కడ వద్దు. ఇది మూడోసారి. నిర్వాహకుడు]

మాగ్డెబర్గ్ జడ్చర్ల (సోమవారం, మధ్యాహ్నం 1:05)

నేను జడ్చర్ల నుంచి. పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరి, ఇప్పుడు జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ మూడో సెమిస్టరులో ఉన్నాను. విశ్వవిద్యాలయానికి ఓటో ఫాన్ గెరికె పేరు పెట్టారు. రెండు రాగి అర్ధగోళాలు కలిపి, లోపలి గాలి తీసేసి, రెండువైపులా గుర్రాలతో లాగించినా విడదీయలేకపోయిన బొమ్మ మన పుస్తకాల్లో ఉండేది చూడండి, ఆయనే. ఈ ఊరికి మేయరుగా చేశాడు. పరీక్ష కోసం బట్టీపట్టిన బొమ్మ ఊరంతా విగ్రహాలుగా కనిపిస్తుంటే మొదట్లో వింతగా ఉండేది.

ఇక డబ్బు. "జర్మనీలో చదువు ఉచితం" అనేది సగం నిజం. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు, సెమిస్టరుకు కొన్ని వందల యూరోల చందా మాత్రం ఉంటుంది. కానీ స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్‌లో 2017 నుంచి మనలాంటివారికి సెమిస్టరుకు 1,500 యూరోలు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాలం నుంచి మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి లెక్క వేసుకోవద్దు.

అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్. వీసాకు ముందే ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ఖాతాలో వేసి చూపించాలి. ఇక్కడికి వచ్చాక నెలకు 992 చొప్పున మనకే విడుదలవుతుంది. యూరో వంద రూపాయలే అనుకున్నా పన్నెండు లక్షలు. అది ఎవరికో కట్టే ఫీజు కాదు, మన తిండి, మన అద్దె. కానీ మిర్యాలగూడలో కూర్చుని ఒకేసారి కూడబెట్టాలంటే ఫీజు కంటే తేలికేమీ కాదు.

దానికంటే ముందు ఏపీఎస్ సర్టిఫికెట్. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు తప్పనిసరి. మన పట్టాలు నిజమైనవా కాదా అని చూసి ఇస్తారు, రుసుము 18,000 రూపాయలు. దీన్ని ఆలస్యం చేసి ఒక ఏడాది పోగొట్టుకున్నవారు మా హాస్టల్‌లోనే ఇద్దరున్నారు.

ఎడమ కాలువ (సోమవారం, రాత్రి 8:20)

అన్నా, చాలా కృతజ్ఞతలు. 7.3కు అక్కడ సీటు వస్తుందా? రెండు సబ్జెక్టులు తప్పినది అడ్డమా?

మాగ్డెబర్గ్ జడ్చర్ల (సోమవారం, రాత్రి 10:50)

తప్పి పాసైనవి అన్నిచోట్లా అడ్డం కాదు. కానీ మార్కులను వాళ్లు తమ కొలతలోకి మార్చుకుంటారు. దాన్ని బవేరియా సూత్రం అంటారు. అత్యధిక మార్కులోంచి నీ మార్కు తీసేయాలి. వచ్చినదాన్ని, అత్యధిక మార్కుకూ కనీస పాసు మార్కుకూ మధ్య తేడాతో భాగించాలి. మూడుతో గుణించి ఒకటి కలపాలి. 1 అంటే అత్యుత్తమం, 4 అంటే అంచు మీద పాసు.

నీది పదికి 7.3, కనీస పాసు 5 అనుకుంటే 2.7ను 5తో భాగించి మూడు రెట్లు చేస్తే 1.62, ఒకటి కలిపితే 2.62. చాలా కోర్సుల గడప 2.5 దగ్గర ఉంటుంది. గడప బయట చెప్పులు విప్పి నిలబడ్డావన్నమాట. కనీస పాసు మార్కును ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కోలా తీసుకుంటుంది, అందుకే అడిగి తెలుసుకో. 7.5 వస్తే సరిగ్గా 2.5. నీకు 160 క్రెడిట్లలో 40 మిగిలి ఉంటే, ఈ రెండు సెమిస్టర్లలో 8.1 తెచ్చుకోవాలి. కన్సల్టెన్సీల చుట్టూ తిరిగే బస్సు ఛార్జీలు ఆదా చేసి ఆ పని చెయ్యి.

భాష సంగతి కూడా చెప్తాను. ఇంగ్లీషు మాధ్యమంలో కోర్సులు ఉన్నాయి కానీ మెకానికల్‌లో మంచివి ఎన్నో జర్మన్‌లోనే నడుస్తాయి. వాటికి టెస్ట్‌డాఫ్ వంటి జర్మన్ భాషా పరీక్ష గట్టిగా పాసవ్వాలి. ఇంగ్లీషులో చదివినా ఉద్యోగానికి జర్మన్ కావాలి. కర్మాగారంలో పనివారితో మాట్లాడనివాణ్ణి ఇంజనీరుగా ఎవరు పెట్టుకుంటారు? హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె సెంట్రం ఉంది. ఇప్పుడు మొదలుపెడితే బయల్దేరే నాటికి ఏ2, అంటే కింది నుంచి రెండో మెట్టు అయినా వస్తుంది.

బ్యాంకు కౌంటరు, సూర్యాపేట (మంగళవారం, ఉదయం 7:10)

భూమి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. చాలామంది పాస్‌బుక్కు పట్టుకుని విద్యారుణం కోసం వస్తారు. మూడున్నర ఎకరాల తరి పొలం బజారులో ఎంత పలికినా విద్యారుణానికి తాకట్టుగా బ్యాంకు సాధారణంగా తీసుకోదు. కారణం మొండితనం కాదు. బాకీ కట్టకపోతే ఆస్తిని స్వాధీనం చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం, 31వ సెక్షనులో వ్యవసాయ భూమిని మినహాయించింది. వేలం వేయలేని ఆస్తిని తాకట్టు పెట్టుకుని బ్యాంకు ఏం చేసుకుంటుంది? ఇల్లు, ప్లాటు అయితే చూస్తారు. గ్రామ పంచాయతీ పరిధిలో ఇల్లయితే కట్టడానికి అనుమతి పత్రం, లింకు డాక్యుమెంట్లు అడుగుతారు. వాటి దగ్గరే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి.

బ్యాంకులు పాటించే మాదిరి విద్యారుణ పథకం ప్రకారం నాలుగు లక్షల దాకా హామీ అక్కర్లేదు, ఏడున్నర దాకా మూడో మనిషి జామీను, ఆపైన ఆస్తి. పేరున్న విశ్వవిద్యాలయాల జాబితాలో సీటు వస్తే కొన్ని బ్యాంకులు తాకట్టు లేకుండానే పెద్ద మొత్తం ఇస్తాయి. ప్రైవేటు ఫైనాన్సు సంస్థలూ ఇస్తాయి, వడ్డీ ఎక్కువ. ప్రధానమంత్రి విద్యాలక్ష్మి గురించి రోజుకొకరు అడుగుతున్నారు. అది మన దేశంలోని సంస్థల్లో చదివేవారికే.

ఒక లెక్క రాసి పెట్టుకోండి. ఇరవై లక్షలు 10.5 శాతానికి తీసుకున్నారు. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఏడాది విరామం. ఆ మూడేళ్లకు సాధారణ వడ్డీయే 6.3 లక్షలు. దాన్ని అసలుకు కలిపి పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 35,500 రూపాయలు. మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ అంకె చూపించండి. వీలైతే చదువుతున్నప్పుడే ఆ వడ్డీ నెలనెలా కట్టేస్తూ ఉండండి. చివరిగా చిన్న మేలు: 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు రుణం డబ్బు ఫీజుకు విదేశాలకు పంపితే టీసీఎస్ అనే ముందస్తు పన్ను కోత లేదు.

మక్తల్ తండ్రి (మంగళవారం, మధ్యాహ్నం 3:45)

నాకు ఇవన్నీ అప్పుడు ఎవరూ చెప్పలేదు. మా అబ్బాయి మెకానికలే. కన్సల్టెన్సీవాళ్లు చెప్పిన చోటికే పంపాము. బ్యాంకులో పొలం పనికిరాదన్నారు కాబట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చాను. అంటే ఏడాదికి 24 శాతం అని మా అమ్మాయి లెక్క చెప్పేదాకా ఆలోచించలేదు. రెండో ఏడాది రెండెకరాలు అమ్మి ఆ బాకీ తీర్చాము. అబ్బాయి ఇప్పుడు ఒక గిడ్డంగిలో పని చేస్తున్నాడు. ఏ పని అని నేను గుచ్చి అడగను, వాడు చెప్పడు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు వానలు పడ్డాయా అని మాత్రం అడుగుతాడు.

బాబూ, మీ నాన్నగారు ఎకరంన్నర అన్నారంటే మనసులో అప్పటికే అమ్మేశారన్నమాట. నువ్వు త్వరగా ఏదో ఒకటి చెప్పు.

పాలిటెక్నిక్ మాస్టారు (మంగళవారం, సాయంత్రం 6:30)

మక్తల్ వారి మాట చదివాక కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బాబూ ఎడమ కాలువా, అందరూ నీకు దేశాలు చెప్తున్నారు. నేను దేశం గురించి అడగను. మెకానికల్‌లో నీకు ఏది ఇష్టం? "మొత్తం ఇష్టం" అనవద్దు, అది పెళ్లిచూపుల్లో చెప్పే సమాధానం. నీ చేత్తో ముట్టుకున్న ఏ యంత్రం దగ్గర నీకు టైము తెలియలేదు?

మన దగ్గర యంత్రాలకేం కొదవ? నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రంలో 100.8 మెగావాట్ల యంత్రాలు ఏడున్నాయి. అవి తిరగేసి తిప్పితే పంపులుగా మారి నీటిని వెనక్కి ఎక్కిస్తాయి. దామరచర్ల మండలంలో 800 మెగావాట్ల యూనిట్లు అయిదింటితో యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టారు. జూరాల దగ్గర తక్కువ ఎత్తు నీటికి పనికొచ్చే టర్బైన్లు ఉన్నాయి. మా పిల్లలను బస్సులో అక్కడికి తీసుకువెళ్తే సగం మంది ఆనకట్ట ముందు ఫోటోలు దిగేవారు. ఒకరిద్దరు మాత్రం చెవి గోడకు ఆనించి నిలబడేవారు. ఆ ఒకరిద్దరిలో నువ్వున్నావా అని అడుగుతున్నాను.

ఎడమ కాలువ (మంగళవారం, రాత్రి 10:05)

సార్, ఇది చెప్తే నవ్వుతారేమో. రబ్బరు రోలు.

మిల్లులో వడ్లపై పొట్టు తీసే యంత్రంలో రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకటి వేగంగా, ఇంకొకటి కాస్త నెమ్మదిగా. మధ్య సందులో పడిన వడ్లను రెండూ రెండు వేగాలతో లాగడం వల్ల పొట్టు ఊడుతుంది. సందు ఎక్కువైతే వడ్లు వడ్లలాగే దిగుతాయి. తక్కువైతే నూక ఎక్కువవుతుంది, రబ్బరు వేడెక్కి వాసన వస్తుంది. వేగంగా తిరిగే రోలు ముందు అరుగుతుంది కాబట్టి మధ్యలో రెండింటినీ అటూ ఇటూ మారుస్తారు.

ఎప్పుడు మార్చాలో నాన్నకు మీటరు అక్కర్లేదు. దిగువన గుప్పెడు తీసుకుని, రెండు అరచేతుల మధ్య పోసి ఊదుతారు. ఊక ఎగిరిపోయాక మిగిలినదాంట్లో పొట్టు ఊడని గింజలు ఎన్నో వేలితో తోసి లెక్కపెడతారు. పోయిన వేసవి సెలవుల్లో నేను రోజూ సాయంత్రం మిల్లు ఆగాక వెర్నియర్‌తో రోలు వ్యాసం కొలిచి, ఆ రోజు ఎన్ని బస్తాలు ఆడాయో పక్కన రాసుకున్నాను. తడి ఎక్కువున్న వడ్లు వచ్చిన రోజుల్లో అరుగుదల తీరు మారింది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నోటుపుస్తకం ఎవరికీ చూపించలేదు.

పాలిటెక్నిక్ మాస్టారు (మంగళవారం, రాత్రి 10:22)

ఇంత పెట్టుకుని డేటా అనలిటిక్స్‌కు పోతావా! ఒకదానితో ఒకటి రాసుకునే తలాలు, ఘర్షణ, అరుగుదల, కందెన, ఇవన్నీ కలిపి ట్రైబాలజీ అని ఒక శాస్త్రమే ఉంది. 1966లో బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన ఒక నివేదికతో ఆ పేరు స్థిరపడింది. అరుగుదల వల్ల పరిశ్రమలు పోగొట్టుకుంటున్న డబ్బు ఎంతో లెక్కకట్టిన నివేదిక అది. దరఖాస్తుతో పంపే ఎస్‌ఓపీలో, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసంలో, "చిన్నప్పటి నుంచి నాకు యంత్రాలంటే ఆసక్తి" అని రాయకు. నోటుపుస్తకంలో ఉన్నది రాయి. తడి గింజ సంగతి తెలియదని కూడా రాయి. తెలియనిది ఏమిటో తెలిసినవాణ్ణి ఆచార్యులు వదులుకోరు.

మాగ్డెబర్గ్ జడ్చర్ల (బుధవారం, ఉదయం 6:15)

సార్ మాటకు నాదొక సాక్ష్యం. ఇక్కడ ల్యాబుల్లో విద్యార్థి సహాయకుల పని ఉంటుంది, హివి అంటారు. దానికోసం ఇంటర్వ్యూకి వెళ్తే ప్రొఫెసరు గారు మాట్లాడింది మూడు నిమిషాలు. తర్వాత వర్క్‌షాపులోకి పంపారు. అక్కడ ఒక పెద్దాయన నీలం కోటు వేసుకుని ఉన్నాడు. ఏమీ మాట్లాడకుండా ఒక షాఫ్టు, ఒక మైక్రోమీటరు నా ముందు పెట్టాడు. నాకు జర్మన్ అప్పటికి వంకర. నేను ముందు కాగితం ముక్కను దవడల మధ్య పెట్టి లాగి శుభ్రం చేశాను. మూసి సున్నా చూశాను. అర గీత తేడా ఉంది. అది కాగితం మీద రాసుకుని, తర్వాత షాఫ్టును మూడు చోట్ల, ఒక్కోచోట రెండు దిక్కుల్లో కొలిచాను. ఆయన నా కాగితం కూడా చూడలేదు. సున్నా చూసినప్పుడే తలుపు దగ్గరి జాబితాలో పేరు రాసేశాడట, తర్వాత తెలిసింది.

ఆ సున్నా చూసే అలవాటు వనపర్తి కె.డి.ఆర్. పాలిటెక్నిక్‌లో పడింది, చూడకపోతే స్కేలుతో వేలి కణుపుల మీద పడేది. సార్, మీరు అక్కడ మెట్రాలజీ, అదే కొలతల పాఠం, చెప్పేవారా?

పాలిటెక్నిక్ మాస్టారు (బుధవారం, ఉదయం 6:40)

కొన్నేళ్లు చెప్పాను. స్కేలు సంగతి బహిరంగంగా రాయాలా నాయనా?

అమ్రాబాద్ (బుధవారం, మధ్యాహ్నం 12:30)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను డిప్లొమా రెండో సంవత్సరం. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు మా ఊరి నుంచి రోజూ ఆ దారిలో వాహనాలు వెళ్లేవి. అంత పెద్ద సొరంగం తొలిచే యంత్రాన్ని లోపలే ముక్కలుగా కోయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆ యంత్రాల గురించి చదువుతున్నాను. అవి ఎక్కడ నేర్పిస్తారు?

మాగ్డెబర్గ్ జడ్చర్ల (బుధవారం, మధ్యాహ్నం 2:10)

అలాంటి యంత్రాలు తయారుచేసే హెరెన్‌క్‌నెహ్ట్ అనే సంస్థ జర్మనీలోని ష్వానౌ అనే చిన్న ఊళ్లో ఉంది. గనులు, భూగర్భ పనుల చదువుకు ఫ్రైబర్గ్‌లో 1765లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉంది. కానీ తమ్ముడూ, ఆ ప్రమాదంలో యంత్రం ఎంతో, పైనున్న రాయీ నీరూ అంతే. మెకానికల్ చదువుతూ భూగర్భశాస్త్రం పుస్తకం కూడా ఒకటి పక్కన పెట్టుకో. ముందు డిప్లొమా అవ్వనీ, ఈసెట్ రాయి. నీకు వేరే చర్చ మొదలుపెడదాం.

దేవరకొండ పిల్ల (బుధవారం, రాత్రి 9:00)

ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ ఓవర్సీస్ విద్యానిధి పేరు ఎత్తలేదేమిటి? నేను తండా నుంచి వచ్చి బ్రిటన్‌లో మెకానికల్ మాస్టర్స్ చదివాను. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ పేరున, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరున ఇస్తుంది. మైనారిటీలకు వేరేగా ఉంది. ఇరవై లక్షల వరకు, తిరిగి కట్టక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం రావాలి. ఈపాస్ వెబ్‌సైటులో దరఖాస్తు చేయాలి. జర్మనీ కూడా జాబితాలో ఉంది. తమ్ముడూ, జేఎన్‌టీయూ లెక్కలో సీజీపీఏలోంచి అర తీసేసి పదితో గుణిస్తే నీకు 68 శాతం. అర్హుడివే.

కానీ డబ్బు చేతికి వచ్చే వరస గుర్తుపెట్టుకో. మొదటి విడత అక్కడికి చేరాక, రెండోది మొదటి సెమిస్టరు ఫలితాలు చూపించాక. అంటే విమానం ఎక్కేదాకా అయ్యే ఖర్చు, బ్లాక్డ్ అకౌంటుతో సహా, ముందు నువ్వే సర్దుకోవాలి. అందుకే సీటు వచ్చిన రోజు నుంచే బ్యాంకుతోనూ మాట్లాడుతూ ఉండాలి. ఆదాయ ధృవపత్రం పాతదైతే ఇప్పుడే మార్చుకో. మా నాన్న దాని కోసం తిరిగినన్ని రోజులు నేను వీసా కోసం తిరగలేదు.

బ్రిటన్ గురించి ఒక్క మాటే. కోర్సు ఏడాదే, ఖర్చు ఒక ఏడాదిదే అని మురిసిపోతాము. ఏడాదిలో చదువు, ప్రాజెక్టు, ఉద్యోగ వేట అన్నీ ఒకేసారి మీద పడతాయి. చదివాక ఉండనిచ్చే రెండేళ్లు కూడా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి పద్దెనిమిది నెలలకు తగ్గుతాయి.

ఇంకొకటి, అమ్మాయిలు ఎవరైనా చదువుతుంటే: వర్క్‌షాపులో మా బ్యాచ్‌లో ఇద్దరమే ఉండేవాళ్లం. బీటెక్‌లో నన్ను లేత్ దగ్గరికి రానివ్వకుండా రికార్డు రాయమనేవారు. అక్కడ మొదటి వారమే లేత్ ముందు నిలబెట్టారు. చేతులు వణికాయి, కానీ నిలబడ్డాను.

ఊళ్లోనే ఉందాం (గురువారం, ఉదయం 8:15)

అందరూ బయటికే దారి చూపిస్తున్నారు. గేట్ రాసి ఐఐటీలో ఎంటెక్ చేస్తే నెలకు 12,400 రూపాయలు వాళ్లే ఇస్తారు. కంది దగ్గర ఐఐటీ మనకు ఎంత దూరం? తర్వాత పీహెచ్‌డీకి బయటికి వెళ్తే జీతమిచ్చి చదివిస్తారు. అప్పు లేదు, పొలం కదలదు. జర్మనీలో కార్ల కంపెనీల సంగతి చూశారా? ఫోక్స్‌వాగన్ 2030 నాటికి 35,000 ఉద్యోగాలు తగ్గిస్తామని 2024 డిసెంబరులో కార్మిక సంఘంతో ఒప్పందమే చేసుకుంది.

మాగ్డెబర్గ్ జడ్చర్ల (గురువారం, మధ్యాహ్నం 1:40)

అది నిజమే, దాచను. కార్ల వైపు వెళ్లినవారు ఇప్పుడు వంద దరఖాస్తులు పెట్టి కూర్చున్నారు. చదివాక పని వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలల గడువు ఇస్తారు, అది హాయిగా కనిపిస్తుంది, కరిగేటప్పుడు తెలుస్తుంది. కానీ ఇక్కడ మెకానికల్ అంటే కార్లే కాదు. ప్యాకింగ్ యంత్రాలు, పంపులు, ధాన్యం ఆడే యంత్రాలు చేసే చిన్న కంపెనీలు పేరు తెలియని ఊళ్లలో ఉంటాయి. వాటికి జర్మన్ వచ్చినవాడు కావాలి. మళ్లీ అక్కడికే వచ్చాను చూడండి.

టెక్సాస్ నకిరేకల్ (గురువారం, రాత్రి 11:50)

గేట్ మాట నాకు నచ్చింది. మేము అయిదుగురం అది వదిలేసి ఎగబడ్డాం. అమెరికా వైపు ఒక మార్పు కూడా తెలియాలి. హెచ్1బి ఉద్యోగ వీసాలు ఏడాదికి 85,000 మాత్రమే, లాటరీ. 2025 సెప్టెంబరు ప్రకటనతో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము వచ్చింది. అక్కడే చదివి ఎఫ్-1 విద్యార్థి వీసా నుంచి మారేవారికి అది వర్తించదని తర్వాత స్పష్టం చేశారు కానీ, ఆ వార్త వచ్చిన రోజు ఆఫీసులో ఒక్కరికీ అన్నం దిగలేదు. తమ్ముడికి ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. నేనైతే గేట్, జర్మనీ రెండూ పక్కపక్కనే నడిపిస్తాను, అమెరికాను పీహెచ్‌డీకి అట్టిపెడతాను.

ఎడమ కాలువ (మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:50)

అందరికీ చెప్పాలి కదా. బ్యాంకు సార్ చెప్పిన 35,500 అంకెను నాన్నకు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది నా జీతం కంటే ఎక్కువ" అన్నారు. తర్వాత నా నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. ఒక పేజీలో తేదీ తప్పు రాశావన్నారు, ఆ రోజు కరెంటు లేక మిల్లు ఆడలేదట. సరిచేశాను.

పొలం అమ్మడం లేదు. అమెరికా, డేటా అనలిటిక్స్ రెండూ కొట్టేశాము. ఫిబ్రవరిలో గేట్ రాస్తాను. జర్మన్ ఏ1 ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాను, ఏపీఎస్‌కు కాగితాలు పోగుచేస్తున్నాను. ఆదాయ ధృవపత్రానికి మీసేవలో దరఖాస్తు ఇచ్చాను. బీసీ విద్యానిధికి సీటు వచ్చాక వేస్తాను. 8.1 సంగతి మాత్రం భయంగానే ఉంది.

ఒక చిన్న సందేహం. కొన్ని కోర్సులకు కర్మాగారంలో కొన్ని వారాలు పని చేసినట్టు రుజువు అడుగుతున్నారు. మిల్లులో చేసినట్టు యజమాని గారు రాసిస్తానన్నారు. కానీ మిల్లుకు లెటర్‌హెడ్ లేదు. పైన వినాయకుడి బొమ్మ, కింద "వడ్లు కొనబడును" అని ఉన్న బిల్లు పుస్తకం ఒక్కటే ఉంది. దాని మీద రాయించుకుంటే చెల్లుతుందా?

మాగ్డెబర్గ్ జడ్చర్ల (శనివారం, రాత్రి 10:30)

బిల్లు పుస్తకం వద్దు. తెల్ల కాగితం మీద మిల్లు పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, పని చేసిన తేదీలు, ఏ యంత్రం మీద ఏ పని అన్నది ఇంగ్లీషులో టైపు చేయించి, కింద ఆయన సంతకం, మిల్లు ముద్ర. ముద్ర గుండ్రంగా, స్పష్టంగా పడాలి. ఇక్కడివాళ్లకు ముద్ర లేకపోతే నిద్ర పట్టదు.

పాలిటెక్నిక్ మాస్టారు (శనివారం, రాత్రి 10:41)

కొలిచినది ఏ వెర్నియర్‌తోనో, దాని సున్నా తేడా ఎంతో కూడా అందులో రాయించు.